మోకాలెత్తు స్టాండు

నేను ఒక కెమెరా స్టాండును. మూడు కాళ్ళు, ఒక మెడ, అంతే. తల నాకు లేదు. ఎవరో ఒకరు కెమెరా తెచ్చి బిగిస్తే అదే నా తల. ఆ తలకి కన్నుంటుంది, కంపెనీ పేరుంటుంది, భుజానికి తగిలించుకునే తోలు సంచీ ఉంటుంది. ఫొటో బాగా వస్తే మెప్పంతా దానిది. కదిలిపోతే మాత్రం "స్టాండు సరిగా లేదండీ" అంటారు. చెయ్యి వణికిందని చెప్పిన ఫొటోగ్రాఫరును నేనింతవరకు చూడలేదు.

అల్యూమినియం గొట్టాలు కోసే ఒక షెడ్డులో పుట్టాను. నన్ను బిగించినతను ఆఖరున గొట్టాల అంచులు ఆకురాయితో అరగదీసి, బొటనవేలుతో తడిమి చూసి, మళ్ళీ అరగదీశాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వేలు తెగకూడదని ఆ కాస్త పని అదనంగా చేశాడు. అతని పేరు నాకు తెలియదు.

విజయనగరంలో స్టూడియో నడిపే దాలినాయుడు గారు నన్ను కొన్నారు. పెళ్ళిళ్ళు, బారసాలలు, పరీక్ష ఫారాల ఫొటోలు. నున్నటి గచ్చు మీద నేను జారుతుంటే ఆయన భార్య రమణమ్మ గారు అరిగిపోయిన హవాయి చెప్పు కోసి నా పాదాలకు తొడుగులు కుట్టారు. ఆవిడ పోయాక ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు. సముద్రం ఒడ్డున జంటలకు ఫొటోలు తీసుకుంటూ కొన్నాళ్ళు గడిపారు. నా కాళ్ళు గొట్టంలో గొట్టం. లోపలివి లాగితేనే మనిషెత్తు అవుతాను. ఆ ఉప్పుగాలికి లోపలి గొట్టాలు బిగుసుకుపోయాయి. అప్పటి నుంచి నా ఎత్తు మోకాలికి కాస్త పైన. దాలినాయుడు గారు లాగి, నూనె పోసి, చివరికి నవ్వి, "నీకూ నిలబడాలని లేదేమిట్రా" అన్నారు. దుకాణం మూసేసిన రోజున నన్ను విశాఖపట్నంలో సినిమా పాఠాలు చెప్పే ఒక కాలేజీకి ఇచ్చేశారు.

అక్కడ జగ్గారావు మాస్టారు ఉండేవారు. మంచాయన. కెమెరాల మీద చినుకు పడుతుంటే తన గొడుగు వాటికి పట్టి తాను తడిసే మనిషి. కాకపోతే పాఠంలో ఆయనకో నమ్మకం ఉంది. "కింద నుంచి పైకి తీస్తే హీరో. పై నుంచి కిందికి తీస్తే దిక్కులేనివాడు" అని ఏటా చెప్పేవారు. పిల్లలు ఏటా రాసుకునేవారు. ఎక్కడి నుంచి కింద, ఎవరికి పైన అని ఎవరూ అడగలేదు.

హైమావతి ఆఖరి సంవత్సరం విద్యార్థిని. డిగ్రీ చేతికి రావాలంటే ఒక చిన్న సినిమా తీసి ఒప్పించాలి. రేవు దగ్గర చేపలమ్మే నూకాలు మీద తీస్తానంది. మంచి స్టాండులన్నీ అప్పటికే తలా ఒకటి పట్టుకుపోవడంతో నేను మిగిలాను. బజారులో నా కాళ్ళు లాగి లాగి ఆ పిల్ల అరచేతులు ఎర్రబడ్డాయి.

"ఏటమ్మీ, ఆటితో కుస్తీ పడతన్నావు? రానంటాంటే ఒగ్గీ. కూకో," అంది నూకాలు, కత్తిపీట ముందు నుంచి కదలకుండానే.

"పొట్టి స్టాండు పిన్నీ. పైకి రావట్లేదు."

"నానూ పొట్టిదాన్నేలే. నాకు సరిపోద్ది."

హైమ తడినేల మీద గోనె పరుచుకుని కూర్చుని కెమెరాలోకి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది. నూకాలు కళ్ళు ఎదురుగా ఉన్నాయి. బేరం సాగుతుంటే ఆ కళ్ళలో కోపం, లెక్క, నవ్వు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. చుట్టూ మనుషుల మోకాళ్ళు, చేతిసంచులు, చేప మొప్పలెత్తి చూసే వేళ్ళు.

మర్నాడు హైమకు కొత్త స్టాండు దొరికింది. నిగనిగలాడుతున్న పొడుగాటిది, ఎంత దించినా ఛాతీ ఎత్తుకు తగ్గనిది. దాని మీంచి తీస్తే నూకాలు పాపిట, మాడు మీద పలచబడిన జుట్టు, ఎండకు చికిలించిన కళ్ళు కనిపించాయి. పైకి చూసి చూసి ఆమె మెడ పట్టేసింది. "ఎంతసేపే అమ్మీ, కాకిని సూసినట్టు సూడాలి?" అంది. హైమ ఆ బొమ్మను చాలాసేపు చూసుకుంది. తర్వాత ఆ పొడుగాటిదాన్ని మడిచి కాలేజీకి తిరిగిచ్చేసి, నన్ను చంకన పెట్టుకుని వచ్చింది. కాలేజీకి వచ్చాక నన్ను ఎంచి తీసుకున్న మనిషి ఆ పిల్లే. అంతకు ముందు వాళ్ళందరికీ నేను మిగిలినదాన్ని.

సినిమా పూర్తయ్యాక జగ్గారావు మాస్టారు తెర మీద వేసి అందరి ముందూ షాటు షాటుకూ ఆపి ప్రశ్నలు వేశారు. నన్ను కూడా గది మూలన నిలబెట్టారు, సాక్షిలాగా.

"ఏమ్మా హైమా, ఇది లో యాంగిల్. ఎవరికి పెడతాం?"

"హీరోకి సార్."

"ఈవిడ హీరోనా?"

"అదేమో తెలీదు సార్. ఇది లో యాంగిల్ మాత్రం కాదు."

"కెమెరా నేల మీదుంటే కాదంటావేంటి?"

"ఆవిడ కూడా నేల మీదే ఉంది కదా సార్. మీరు కెమెరాని నేల నుంచి కొలుస్తున్నారు. నేను ఆవిడ కళ్ళ నుంచి కొలిచాను."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"సరే. కొనేవాళ్ళ తలలేవీ? అందరినీ నడుం దగ్గర కోసేశావు."

వెనక బెంచీ నుంచి ఎవడో, "చేపల బజారు కదా సార్, తలలు వేరే కవర్లో ఇచ్చుంటారు," అన్నాడు. మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

హైమ నవ్వలేదు. "కూర్చుంటే అంతవరకే కనిపిస్తుంది సార్. ఒకాయన ముఖం మాత్రం పూర్తిగా ఉంది చూడండి."

నిజమే. ఒక పెద్దాయన నూకాలు ముందు గొంతుక్కూర్చున్నాడు. కూర్చోగానే ఆయన ముఖం తెరలోకి వచ్చింది. "ఇంట్లో ఆవిడ లేదమ్మా. నాలాంటివాడికి వండటం తేలికైన చేపేదో చెప్పు," అన్నాడు. "కానాగంతలు అట్టుకెళ్ళు బాబూ. ఉప్పు తక్కువైనా తిట్టుకోకండా ఉడుకుతాయి," అంది నూకాలు. ఆ సినిమా మొత్తంలో కొన్నవాళ్ళలో ముఖం ఉన్నది ఆయనొక్కడికే. వంగినందుకు.

మాస్టారు గొంతు తగ్గించారు. "చూడమ్మా. ఎక్కువ మార్కులు షాట్ల ఎంపికకే. అవి పోతే నువ్వు గట్టెక్కుతావో లేదో నేనే చెప్పలేను. ఈ స్టాండు పాడైపోయిన సంగతి అందరికీ తెలుసు. స్టాండు లేవలేదు, అందుకే ఇలా వచ్చిందని ఒక్క మాట చెప్పు. సామాను లోపం కింద రాసుకుని మార్కులు వేసేస్తాను."

దయతోనే అన్నారు. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఆ మాట అనెయ్యమన్నట్టు ఆమె వైపు చూశారు. నేనూ సిద్ధపడ్డాను. జీవితమంతా మోసిన నింద, మరొక్కసారి మోస్తే నాకు పోయేదేముంది? ఆ పిల్లకు డిగ్రీ వస్తుంది.

హైమ నా వైపు చూడనైనా లేదు.

"స్టాండు తప్పు లేదు సార్. కావాలనే పెట్టాను."

"మరి సున్నా వెయ్యాల్సొస్తుంది."

"వెయ్యండి సార్. సున్నా ఉండనివ్వండి. షాటు కూడా ఉండనివ్వండి."

ఆయన సున్నా వేశారు. మాట మీద నిలబడే మనిషి ఆయన కూడా. కానీ మాటలకు, శబ్దానికి, కూర్పుకు ఇవ్వాల్సిన మార్కుల్లో పిసినారితనం చూపలేదు. ఆ పిల్ల అంచు మీద గట్టెక్కింది. అందరి సినిమాలతో పాటు ఇదీ కాలేజీ హాల్లో ఆడింది, ఒక్క షాటూ మారకుండా. నూకాలు జరీ చీర కట్టుకుని వచ్చింది. హాలంతా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కాబట్టి ఆ కాసేపూ అక్కడ ఎవరూ ఆమెను పై నుంచి చూడలేకపోయారు. "ఒలమ్మో, ఇంతింత కళ్ళా నాకు!" అని పైకే అంది. పక్కవాళ్ళు ఉష్ అంటే, "నా కళ్ళు, నానెందుకు ఊరుకోవాలి?" అని ఎదురడిగింది.

ఆ ఏడాది చివర మాస్టారు నన్ను పాత సామానులో వేయించారు. ఇంకో పిల్ల నా వల్ల మార్కులు పోగొట్టుకోకూడదని ఆయన ఉద్దేశం. ఆయన్ని తప్పు పట్టను. కాని ఒప్పుకోను కూడా. చెడిపోయి పొట్టిదాన్నయ్యానేమో, నేను పెట్టిన చూపు చెడిపోలేదు.

ఇప్పుడు పాత ఇనుము కొట్టులో విరిగిన సైకిళ్ళకూ వంగిన గొట్టాలకూ మధ్య ఉన్నాను. దారినపోయేవాళ్ళు నిలబడి, చూపు కిందికి వదిలి, తుక్కు అనుకుని వెళ్ళిపోతారు. అంత ఎత్తు నుంచి చూస్తే ఎవరైనా తుక్కులాగే కనిపిస్తారు. నా సంగతి తేల్చాలని ఉంటే, అయ్యా, ముందు ఇలా వచ్చి కూర్చోండి.