చప్పుడు పరీక్ష

ఆ ఇల్లు మాకు నచ్చిందా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. మేము వాళ్ళకు నచ్చాలి. నది ఒడ్డున, కారు హారన్ కూడా మొహమాటపడుతూ మోగే వీధిలో ఉన్న ఆ భవనం, అందులో ఉండేవాళ్ళందరి ఉమ్మడి సొత్తు. కొత్తవాళ్ళు రావాలంటే పాతవాళ్ళ కమిటీ సరేననాలి. అంతవరకు బాగానే ఉంది. వాళ్ళు పెట్టే పరీక్ష సంగతి విన్నాకే నాకు ఒళ్ళు మండింది.

ఖాళీగా ఉన్న ఇంట్లో మనం ఇంటిల్లిపాదీ ఒక మధ్యాహ్నం గడపాలి. సరిగ్గా కింది ఇంట్లో కమిటీవాళ్ళు టీ తాగుతూ, చెవులు రిక్కించి కూర్చుంటారు. మన నడక, మాట, తలుపు వేసే తీరు అన్నీ వింటారు. నచ్చితే రమ్మంటారు. నచ్చకపోతే లిఫ్టు దాకా మర్యాదగా సాగనంపుతారు.

ఆ కింది ఇల్లు కమిటీ అధ్యక్షురాలిది. రేడియోలో శబ్దాలు రికార్డు చేసే ఉద్యోగం చేసి రిటైరై, ఒక్కతే ఉంటోంది. అందరూ రేడియో మేడమ్ అంటారు. ఆవిడ చెవికి ఎవరూ ఆనక పై ఇల్లు చాలాకాలంగా ఖాళీగానే ఉండిపోయిందట.

ఇంత అవమానం దిగమింగడానికి కారణం మా అత్తయ్య. ఆవిడ బట్టలు కుడుతుంది. మా ఇరుకింట్లో వంటింటికీ బాత్‌రూమ్‌కీ మధ్య సందులో ఆవిడ మిషను. మేము అటూ ఇటూ పక్కకు తిరిగి నడుస్తాం, ఆవిడ ప్రతిసారీ కుట్టు ఆపి మోకాళ్ళు ముడుచుకుంటుంది. ఆ మధ్య ఒకరోజు, "ఈ మిషను ఎవరికైనా ఇచ్చేసి చిన్నాడి దగ్గరికి పోతానమ్మా. మీకెందుకు అడ్డం" అంది. చిన్నాడంటే మా మరిది, వేరే ఊళ్ళో ఉంటాడు. ఆవిడకూ నాకూ రోజుకో గొడవ ఉండాల్సిందే, కానీ ఆవిడ లేని ఇల్లు నేను ఊహించుకోలేను. ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

పరీక్ష రోజున మావారు అందరికీ మందపాటి సాక్సులు పంచారు. మాట్లాడకూడదు, తిరగకూడదు, మిషను సంగతి అసలు ఎత్తకూడదు. ఇదీ ఆయన పథకం.

ఇల్లు చూస్తే మతి పోయింది. హాల్లో మా ఇల్లంతా పట్టేస్తుంది. పొడుగాటి నడవా, చెక్క నేల, చివర్లో నది వైపు తెరుచుకునే గది. అత్తయ్య ఆ గది కిటికీ దగ్గర జానలతో కొలిచి, "మిషను ఇక్కడ పడుతుంది" అంది. కొడుకు ముఖం చూసి నోరు మూసుకుంది.

తర్వాత హాల్లో గోడవార వరసగా కూర్చున్నాం. మా చిన్నది బొమ్మల పుస్తకం పేజీలు కూడా భయంభయంగా తిప్పుతోంది. మావారికి తుమ్ము ఆపుకుని ఆపుకుని కళ్ళు ఎర్రబడ్డాయి. కాసేపటికి అత్తయ్య సాక్సులు పీకి పక్కన పడేసి లేచింది.

"ఎక్కడికమ్మా?" మావారు గుసగుసగా అడిగారు.

"మంచినీళ్ళకి."

ఆవిడ నడక మడమల మీద. ఖాళీ ఇంట్లో ఒక్కో అడుగూ దద్దరిల్లింది.

"మెల్లగా నడువమ్మా."

"ఎన్నాళ్ళు నడవమంటావురా మెల్లగా? ఇల్లొచ్చాక కూడా రోజూ ఇలాగే గోడకి అంటుకుని కూర్చుంటామా? ఆ ఇంట్లో ఒళ్ళు ఇరికించుకున్నాను. ఇక్కడ నడక కూడా ఇరికించుకోమంటే నావల్ల కాదు."

సమాధానంగా మావారి తుమ్ము బయటికొచ్చింది. చిన్నది పకపకా నవ్వి నడవాలో పరుగు లంకించుకుంది. ఇక నా నోరు సంగతి చెప్పక్కర్లేదు. ముగ్గురినీ కలిపి కేకలేశాను. ఇల్లు పోయినట్టే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

కిందికి రమ్మని కబురొచ్చింది. కమిటీలో ఉన్న పళ్ళ డాక్టరు మమ్మల్ని చూసి, నొప్పి ఉండదు అని చెప్పేటప్పటి నవ్వు నవ్వాడు. రేడియో మేడమ్ సన్నగా, పొట్టి తెల్లజుట్టుతో ఉంది.

"ముందు చాలాసేపు ఏమీ వినబడలేదు. ఇంట్లో ఎవరూ లేరేమో అనుకున్నాను" అందావిడ.

"మేము సహజంగా నెమ్మదస్తులమండీ" అన్నారు మావారు.

"కాదండీ, భయపడి కూర్చున్నాం" అంది అత్తయ్య. "తర్వాత విన్నారు చూడండి, అదీ మా అసలు చప్పుడు. ఇంకొకటి కూడా ఉంది, మావాడు దాచమన్నాడు. నేను పగలంతా కుట్టుమిషను తొక్కుతాను."

మావారు తివాచీ వైపు చూస్తూ ఉండిపోయారు. "మిషన్లూ అవీ ఇక్కడ కుదరవేమో మేడమ్" అని నసిగాడు పళ్ళ డాక్టరు.

"వినకుండా ఎలా చెప్తాం? రేపు తెచ్చి వినిపించండి" అంది మేడమ్.

మర్నాడు ఆ ఇనప స్టాండు మోసింది మావారే. నడుం పట్టేసింది. దాచమన్నందుకు ఆ మాత్రం శాస్తి జరగాలి. అత్తయ్య పైన, నది వైపు గదిలో. కమిటీవాళ్ళు మళ్ళీ కింద చేరారు, నన్ను మాత్రం మేడమ్ తన పక్కన కూర్చోబెట్టుకుంది.

మిషను మొదలైంది. పక్కింట్లో తిరగలి తిరుగుతున్నట్టు వినిపించింది. ఇన్నేళ్ళూ దాన్ని తప్పించుకుని నడవడమే తప్ప, ఎప్పుడూ కూర్చుని వినలేదు నేను. ఇది పొడుగు కుట్టు, ఇప్పుడు మూల తిప్పింది, ఇప్పుడు దారం కత్తిరించింది. పైన ఆవిడేం చేస్తోందో నాకు తెలిసిపోతోంది. మేడమ్ కళ్ళు మూసుకుని వింటోంది.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

మేడమ్ కళ్ళు తెరిచింది. "ఏమైంది?"

"దారం తెగుంటుందండీ. కళ్ళజోడు పెట్టుకోమంటే వినదు, సూదిలోకి ఎక్కించడానికి తంటాలు పడుతుంది."

ఇంకా మొదలవలేదు. మేడమ్ టీ కప్పు కింద పెట్టేసింది. "పడిపోలేదు కదా?" అంది. నేను అప్పటికే కుర్చీలోంచి సగం లేచాను. అంతలో మిషను మళ్ళీ కదిలింది. మేమిద్దరం ఒకేసారి ఊపిరి వదిలి, ఒకరినొకరు చూసుకున్నాం.

"రికార్డింగుల్లోంచి అనవసరపు చప్పుళ్ళు తీసేయడమే నా ఉద్యోగం" అందావిడ మెల్లగా. "ఇంటికొచ్చాక కూడా ఒక్కోటీ తీసేస్తూనే ఉన్నాను. ఇప్పుడు చూస్తే తీసేయడానికి ఏమీ మిగల్లేదు."

సరేనన్నట్టు చెయ్యి పైకెత్తింది. పళ్ళ డాక్టరు ఒకసారి పైకప్పును, ఒకసారి ఆవిణ్ణి చూసి తనూ ఎత్తాడు. మిగిలినవాళ్ళు కూడా ఎత్తారు.

"మిషను మాత్రం ఆ గదిలోనే ఉండాలి" అంది మేడమ్. "పగలు నేను ఇక్కడే కూర్చుంటాను."

లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లెక్కి పరిగెత్తాను. నన్ను చూడగానే అత్తయ్య తొక్కడం ఆపేసింది. "ఏమన్నారమ్మా?"

కాసేపు ఏడిపిద్దామనే అనుకున్నాను. నావల్ల కాలేదు. "ఇక్కడే ఉండమన్నారు. చిన్నాడి దగ్గరికి వెళ్ళొద్దన్నారు."

"వాళ్ళకి చిన్నాడి సంగతి ఎలా తెలుసు?"

"ఆ రెండో మాట నాది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చుండిపోయింది. నేనూ కదల్లేదు.

అంతలో కింద నుంచి కర్రతో పైకప్పు మీద కొట్టినట్టు టక్ టక్‌మని వినబడింది. అత్తయ్య చటుక్కున నా చెయ్యి వదిలేసింది. "చూశావా, అప్పుడే మొదలు. చప్పుడెక్కువైందంటున్నారు."

"కాదత్తయ్యా. ఆగిపోయిందేమని అడుగుతున్నారు."