కోర్టులో లేని తెగతెంపులు

మణిమాల రెండో పెళ్ళికి కావలసింది ఒక్క కాగితం. మొదటి పెళ్ళి రద్దయిందని కోర్టు ఇచ్చే కాగితం. వరుడు ఉన్నాడు. బర్మాలో, తాకేటా పేటలో వడ్రంగి పని చేసుకునే సూరి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, తాగడు, గొంతెత్తి మాట్లాడడు. గుడి పూజారి మొదట సరేనన్నాడు, తరవాత కోర్టు కాగితం చూపిస్తే గాని పుస్తె కట్టించనని మెలిక పెట్టాడు. కిందటేడు ఎవరిదో ఇలాంటి పెళ్ళి చేయించి పోలీసు స్టేషను మెట్లెక్కాడట. అప్పట్నుంచీ ఆయనకు దేవుడి మీద కంటే స్టాంపుల మీద భక్తి ఎక్కువైంది.

కాగితమే కదా అనుకున్నారు అందరూ. మణిమాలకూ రాజమోహన్‌కూ తెగిపోయిన సంగతి వాళ్ళ పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో తెలుగు మాట్లాడే ప్రతి గడపకూ తెలుసు. రాజమోహన్ తాగొచ్చి ఆమె కుడిచెయ్యి విరిచిన ఏడాది, గుళ్ళో పెద్దలు కూర్చున్నారు. వాళ్ళ కులంలో తాతల నాటి పద్ధతి ఒకటుంది. తమలపాకు తెప్పించి ఒక కొస మొగుడి చేతికి, ఇంకో కొస పెళ్ళాం చేతికి ఇచ్చి లాగమన్నారు. ఆకు చిరిగింది. నేటినుంచి నీ దారి నీది, ఆమె దారి ఆమెది అని పెద్దలకు పెద్ద బాబూరావు తీర్పు చెప్పాడు. ఇద్దరి చేతా కాగితం మీద సంతకాలు పెట్టించి జేబులో వేసుకుని, "కోర్టులో ఏయించేత్తాను, మీకెందుకు" అన్నాడు. వేయించేశానని మర్నాడు చెప్పాడు కూడా. ఆ మాట నమ్మి మణిమాల ఇన్నేళ్ళూ నిశ్చింతగా నిద్రపోయింది. పెద్దమనిషి మాట నమ్మి నిద్రపోయిన ఆడవాళ్ళ గతి ఎలా ఉంటుందో ఆమెకెవరూ చెప్పలేదు మరి.

అప్పట్నుంచీ ఆమె అన్న దాసు ఇంట్లో ఉంటోంది. రెండు గదుల వాటా. పగలు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడం, సాయంత్రం వచ్చి అన్న పిల్లకు జడ వెయ్యడం. దాసు పెళ్ళాం సీతాదేవి నోరున్న మనిషి. ఆడపడుచుకు మంచి జరగాలని ఆమె మనసారా కోరుకుంది. మంచి జరిగితే ఆ గది ఖాళీ అవుతుందని, పెళ్ళీడుకొచ్చిన కూతురు రాధకు ఇవ్వొచ్చని అంతకంటే మనసారా కోరుకుంది. అందుకే కోర్టుకు తోడు తనే బయల్దేరింది.

"పేపర్ అడగడానికి మొగోల్లెందుకు? మీయన్న వొచ్చి బెల్లం కొట్టిన రాయిలాగ నిలబడతాడు. పద మణీ, నాను మాటాడతాను" అంది.

టౌన్‌షిప్ కోర్టులో రికార్డుల కిటికీ వెనక ఒక బర్మా ఆమె కూర్చుని ఉంది. చెంపలకు చెక్క గంధం, చేతిలో విసనకర్ర. కరెంటు లేదు. కేసు నంబరు అడిగింది. నంబరు వీళ్ళకు తెలియదు. ఫరవాలేదు, ఏ ఏడాది కేసో, ఇద్దరి పేర్లూ చెప్పండి, సూచికలో వెతుకుతాం, దొరికితే నకలు కోసం వేరే దరఖాస్తు పెట్టుకోవాలి అంది.

సీతాదేవి ఠంచనుగా చెప్పింది. మణిమాల, రాజమోహన్. ఆ పేర్లతో ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, ఆ పేర్లు ఇంట్లోవీ గుళ్ళోవీ మాత్రమేనని. గుర్తింపు కార్డుల మీద ఉన్నవి బర్మా పేర్లు: మణిమాల 'మా తండా ఏ', రాజమోహన్ 'కో మ్యో ఆంగ్'. అవి చెప్పారు. కిటికీ ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ వచ్చింది. ఆ పేర్లతోనూ లేదు.

"భర్త అప్పుడు ఎక్కడ ఉండేవాడు?" అని అడిగింది బర్మాలో.

బోటాటౌంగ్‌లో, రేవు దగ్గర. అయితే కేసు ఆ కోర్టులో పడి ఉండొచ్చు, అక్కడ అడగండి అంది. మణిమాల ఫ్యాక్టరీలో ఇంకో పూట సెలవు అడిగి చీవాట్లు తింది. ఇద్దరూ బస్సు పట్టుకుని అక్కడికీ వెళ్ళారు. అక్కడి కిటికీలో ఉన్నామె వయసులో పెద్దది. ముందు ఏడాది, వెనక ఏడాది కూడా వెతికించింది. అప్పుడు మణిమాల మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగింది.

"మీకు సమన్లు వచ్చాయా, అమ్మా?"

"లేదు."

"జడ్జి ముందు నిలబడ్డారా?"

"లేదు. మా పెద్దలు చేశారు. కాగితం వాళ్ళే కోర్టులో వేయించారు."

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. గేటు బయట గొడుగుల కింద టైపు మిషన్లు పెట్టుకుని కూర్చున్న వాళ్ళను కిటికీలోంచి చూపించింది. "అక్కడ టైపు చేయించి స్టాంపు అంటించి ఉంటారు. మీవాళ్ళు చాలామంది అలాగే వస్తారు. కోర్టు ముందు కొట్టించిందంతా కోర్టు కాగితమే అనుకుంటారు. ఇక్కడ అలాంటి కేసు లేదని రాసిస్తాను, ఉంచుకోండి. దీంతో అంతా అయిపోలేదు. వకీలును పెట్టుకుని, మా ఆచారం ప్రకారం విడిపోయాం అని అడగొచ్చు. కాకపోతే ఆ రోజు అక్కడున్న వాళ్ళెవరైనా వచ్చి, అవును, జరిగింది అని చెప్పాలి."

మణిమాల ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు గుళ్ళో లేనిదెవరు? వీధి వీధంతా ఉంది. సీతాదేవి ఆమె కంటే ముందు గొంతెత్తింది.

"ఎవరో ఎందుకే? నానున్నాను కదేటి? నీ ఎనకాలే నిలబడ్డాను కదా. ఆ జడ్జీ ముందు గొంతు సించుకుని సెప్తాను."

ఆ మాటకు మణిమాల బస్సులో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. వదిన తనకోసం ఒక మాట అనడం అదే మొదలు. ఏడుపు ఆపుకోలేని సంతోషం అది, పాపం.

బాబూరావు ఇంటికి మర్యాదగానే వెళ్ళారు, అరటిపళ్ళు పట్టుకుని. అందరూ ఆయన్ను ఊ బాబూరావు అంటారు. బర్మా వాళ్ళు పెద్దవాళ్ళకు తగిలించే ఆ ఊ లేకుండా పిలిస్తే ఆయన పలకడు. పప్పుల వ్యాపారం కొడుకులకు అప్పగించి ఇప్పుడు గుడి తాళాలు, పెళ్ళి సంబంధాలు చూసుకుంటున్నాడు. కోర్టులో ఏమీ లేదన్న మాట విని ఆయన మొహం మాడిపోయింది.

"నేకపోడమేటి? కోర్టు ముందే కదా కొట్టించినాను. స్టాంపు కూడా ఏయించినాను."

"కోర్టు ముందు కాదంట మావా, లోపల ఎయ్యాలంట" అంది మణిమాల. "పోనీలే. జరిగింది జరిగినట్టు నువ్వొచ్చి జడ్జీకి సెప్తే సాలంట."

బాబూరావు అరటిపళ్ళు అందుకుని లోపల పెట్టించాడు. ఆయన తెగ్గొట్టిన కాపురాలు ఇంకెన్నో ఉన్నాయి. అన్నీ కోర్టులో వేయించానని చెప్పినవే. ఈ ఒక్కటీ బయటపడితే మిగతావాళ్ళంతా కాగితాలు అడుగుతూ వరస కడతారు. తెలియక చేశాడు, అది తప్పు కాదు. తెలిశాక ఏం చేశాడో చూడండి.

"సూద్దాం, పెద్దోల్లని కూకోబెడతాను" అని పంపించేసి, చెప్పులు వేసుకుని నేరుగా బోటాటౌంగ్‌లో రాజమోహన్ తల్లి నరసమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆ ఇంట్లో సంగతి ఇది. మొన్న వానాకాలంలో రాజమోహన్‌కు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. ఇన్నేళ్ళూ అతనితో ఉన్న బర్మా ఆడమనిషి కొన్నాళ్ళు ఎత్తిపోసి, ఒక పొద్దున పెట్టె సర్దుకుని పోయింది. కొడుకును పక్కకి తిప్పే ఓపిక నరసమ్మకు లేదు. వీపు మీద పుళ్ళు పడ్డాయి. ఎవరిని తెచ్చుకోవాలా అని ఆమె ఏడుస్తున్న సమయానికి బాబూరావు వెళ్ళి, కోర్టులో రికార్డు లేదట అన్నాడు. ముసలామె ఏడుపు ఠక్కున ఆగింది.

గుళ్ళో మళ్ళీ పెద్దలు కూర్చున్నారు. మణిమాల కోర్టు ఇచ్చిన కాగితం పట్టుకుని వచ్చింది. సూరి గోడవార నిలబడ్డాడు. దాసు తల దించుకుని కూర్చున్నాడు. నరసమ్మను రిక్షాలో తెచ్చి ముందు కూర్చోబెట్టారు. బాబూరావు ఆ కాగితం అడిగి తీసుకుని, పైకి చదివించి, మడిచి పక్కన పెట్టుకున్నాడు.

"కోర్టోల్లే రాసిచ్చినారు, ఇడాకులు అవనేదని. ఇంకేటి?" అన్నాడు.

"నువ్వే కదా ఇచ్చినావు మావా!" అంది మణిమాల.

"నానిచ్చినానా? కొన్నాల్లు ఎడంగా ఉండండి అన్నాను. కోపాలు సల్లారితే కలుత్తారని అన్నాను. ఏటి, కాదేటి?" అని పక్కనున్న వాళ్ళను అడిగాడు. పక్కనున్న వాళ్ళు మీసాలు దువ్వుకున్నారు. ఒకాయన అవునన్నాడు. ఇంకొకాయన చాలా కాలమైంది కదా అన్నాడు. వయసు మీద పడితే మరపు రావడం సహజమే. ఇంతమందికి ఒకే సంగతి మీద, ఒకే పూట రావడమే విడ్డూరం.

మణిమాల జాకెట్టు చెయ్యి పైకి లాగి, సరిగా అతకని ఎముక చూపించింది. "ఇదీ గేపకం నేదా మీకు? దీన్ని సూసే కదా తెంపినారు?"

"మొగుడూ పెల్లాలన్నాక కొట్టుకుంటారు" అంది నరసమ్మ. "ఇప్పుడాడు సెయ్యెత్తలేడు కదా, ఇంకేటి నీ బయ్యం? నా కోడలు నాకు గావాల."

అప్పుడు బాబూరావు సూరి వైపు తిరిగాడు. చాలా మంచిగా, దగ్గరి చుట్టానికి చెప్పినట్టు చెప్పాడు. "సూరీ, ఇంకొకడి పెల్లాన్ని ఇంట్లో ఎట్టుకుంటే కేసవుద్దిరా. నరసమ్మ ఎయ్యకపోయినా ఎవరో ఒకరు ఏత్తారు. నీకెందుకు?"

సూరి మణిమాలను చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, ప్రేమ కూడా ఉంది. వాటితో ఏం చెయ్యాలో తెలియని మనిషి. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. గొంతెత్తి మాట్లాడని వాడని అందరూ అతన్ని ముందే మెచ్చుకున్నారు కదా.

మణిమాలకు ఇంకా ఒక మనిషి మిగిలి ఉంది. వెనక్కి తిరిగి ఆడవాళ్ళ వరసలో కూర్చున్న సీతాదేవిని చూసింది.

"వొదినా, నువ్వు సెప్పు. నా ఎనకాలే ఉన్నావు కదా. నువ్వొక్కదానివి సెప్తే సాలు, నాకింకెవలూ అక్కర్నేదు."

సీతాదేవి నోరు తెరిచింది. ఆ నోటికి భయపడని వాళ్ళు ఆ వీధిలో లేరు. కాని ఆ పొద్దునే బాబూరావు ఇంటినుంచి కబురు వచ్చింది. తన మనవడికి రాధను అడుగుదామనుకుంటున్నామని, ఈ గొడవ సర్దుకున్నాక తాంబూలాలు పుచ్చుకుందామని. కబురు తెచ్చినామె గొడవ అన్న మాట రెండుసార్లు నొక్కి చెప్పింది. పప్పుల వ్యాపారం, రెండంతస్తుల ఇల్లు. సీతాదేవి కూతురి వైపు చూసుకుంది. రాధ తలొంచుకుని పైట కొస వేలికి చుట్టుకుంటోంది.

"నాకు గేపకం నేదే మణీ" అంది సీతాదేవి. "ఆ దినం నాను వంటకాడ ఉండిపోయినాను."

మణిమాలకు కోపం కూడా రాలేదు. తనకంటూ ఈ భూమ్మీద ఎవరూ లేరని అంత స్పష్టంగా తెలిశాక కోపానికి చోటెక్కడ?

తరవాత జరిగిందంతా పద్ధతి ప్రకారమే జరిగింది. దాసు వార్డు ఆఫీసుకు వెళ్ళి, చెల్లెలు అత్తింటికి వెళ్తోందని చెప్పి ఇంటి జాబితాలోంచి ఆమె పేరు తీయించాడు. ఇంకెక్కడైనా అద్దెకు దిగాలన్నా, ఎవరింటి మనిషివని ఆ ఆఫీసులోనే అడుగుతారు. ఫలానా కో మ్యో ఆంగ్ భార్యవి, భర్త బతికే ఉన్నాడు, అక్కడికే వెళ్ళమంటారు. మణిమాల అలా రెండు చోట్ల అడిగించుకుని వచ్చేసరికి ఆమె బట్టలు సంచుల్లో పెట్టి గుమ్మం పక్కన ఉంచారు. ఆమె మంచం మీద రాధ పడుకుని ఫోను చూసుకుంటోంది. సీతాదేవి ఒక డబ్బాలో అన్నం, చేపల పులుసు కట్టి ఇచ్చింది. పులుసు బాగా కుదిరిందని కూడా చెప్పింది.

బోటాటౌంగ్ ఇంట్లో మెట్లెక్కుతుండగానే వాసన కొట్టింది. రాజమోహన్ కిటికీ పక్క చాప మీద ఉన్నాడు. సగం మొహం కిందికి జారింది. ఆమెను గుర్తుపట్టి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు చేశాడు. మణిమాలకు జాలి కలగలేదు. కలగాలని కూడా ఆమె ప్రయత్నించలేదు. సంచులు కింద పెట్టి, ఎక్కడ నిలబడాలో తెలియక నిలబడింది.

నరసమ్మ మూల నుంచి నీళ్ళ బకెట్టు, గుడ్డలు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"అత్తా" అంది మణిమాల. అలా పిలిచి చాలా ఏళ్ళయింది. "ఇక్కడెవలూ నేరు కదా. ఇప్పుడైనా సెప్పు. నీకూ గేపకం నేదా?"

ముసలామె ఆమె వైపు వింతగా చూసింది, ఇంత చిన్న విషయం అడుగుతుందేమిటన్నట్టు.

"గేపకం నేకపోడమేటే? ముందు వరసలోనే కూకున్నాను. నీ పీడ ఒదిలిందని ఆ రాత్రి పాయసం ఒండి గుడికాడ అందరికీ పంచినాను. మీ వొదిన రెండుసార్లు ఏయించుకుని తాగింది." అంటూనే వంగి కొడుకు మీది దుప్పటి లాగేసింది. "అందరికీ గేపకం ఉందే. నువ్వా కాలట్టుకో, బేగి."