లావు తీగ

ఏసురాజు తెల్లారకుండానే పెళ్ళాం మంచాన్ని తంతున్నాడని పక్కింటి లోవమ్మ చెప్పిందట. గోడకి చెవి ఆనించి మరీ విన్నదట. ఆ సంగతి మోసుకొచ్చిన సూర్యకళ, కడియం నర్సరీలో అతని ఎదురుగా కూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపుతూ, "తన్నే మొహంలా లేదు గానీ బాబాయ్, ఏంటా చప్పుడు?" అంది.

"మంచం కోడు వదులైందమ్మా. బిగిస్తన్నాను."

"నాలుగేళ్ళ నించా?"

ఏసురాజు నవ్వి ఇంకో కవరు అందుకున్నాడు. రెండు దోసిళ్ళ మట్టి, ఒక కుదుపు, నేలకో తట్టు. మళ్ళీ రెండు దోసిళ్ళు. యాభై రెండేళ్ళ మనిషి. గోళ్ళనిండా మట్టి. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు మాత్రం కాయలు కాచి నున్నబడ్డాయి. చర్చిలో బేస్ గిటార్ మీటే వేళ్ళవి.

ఆ చర్చిలోనే అతని భార్య దీనమ్మ పదిహేనో ఏట నుంచి పాట ఎత్తుకుంటోంది. నాలుగేళ్ళ కిందట వచ్చిన జ్వరం ఆమె రెండు చెవులూ పట్టుకుపోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి జవాబు చెప్పేస్తుంది కాబట్టి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. తెలిస్తే మైకు సంఘపెద్ద రాజరత్నం గారి కోడలు వినీల చేతికి పోతుంది. "పాట కూడా పోతే నాకింకేం మిగులుద్దండీ?" అని ఆమె అడిగిన రోజు అతను అన్నం తినలేదు.

చర్చి వేదిక చెక్కది. బేస్ స్పీకరు దానిమీదే ఉంటుంది. లావు తీగ మీటితే ఆ అదురు దీనమ్మ అరికాళ్ళకి ఎక్కుతుంది. పాడేవాళ్ళు జనం వైపు తిరిగి నిలబడతారు, వాయించేవాళ్ళు వెనక. ఆమెకి మొగుడు కనపడడు. కాళ్ళే దిక్కు.

అందుకే ఇంట్లో ఈ సాధన. గిటార్ తల మంచం కోడుకి ఆనించి అతను మీటుతాడు. ఆమె పట్టెకి అరికాళ్ళు తన్నిపెట్టి కళ్ళు మూసుకుంటుంది. మొదట్లో ముచ్చటపడి వేళ్ళు పరుగెత్తించేవాడు. చెక్కలో అదంతా ముద్దైపోయేది. ఒక్కొక్క దెబ్బే తీసేస్తూ వచ్చాడు. ఇప్పుడు పాటలో ఒక్కో పాదానికి నాలుగు దెబ్బలే, మధ్యనంతా ఖాళీ. ఆ ఖాళీలో తొందరపడకుండా కూర్చోవడం నేర్చుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.

"మూడోది ముందొచ్చిందండీ," అంది ఈ పొద్దున. "నాలుగు రోజులు మొక్కల లారీ మీద తిరిగొచ్చారు కదా. ఒళ్ళింకా ఊగుతుంది."

నిజమే. మధ్యాహ్నం దాకా కవర్లు తడుతూ ఆ మూడోదాన్నే సరిచేసుకున్నాడు.

శనివారం కాబట్టి సాయంత్రం రిహార్సల్. దీనమ్మని సైకిలెక్కించుకుని వెళ్ళేసరికి చర్చి గోడ పక్కన వేదిక చెక్కలు పేర్చి ఉన్నాయి, మేకులు పైకి తేలి. ఏసురాజు స్టాండు వెయ్యకుండానే సైకిల్ వదిలేశాడు. అది పడిపోయింది.

లోపల రాజరత్నం గారు నల్ల గ్రానైట్ మీద నిలబడి ఉన్నారు. "చెదలు పట్టిందని పీకించేశానయ్యా. నువ్వొచ్చేలోగా పరిపించాలని పనోళ్ళ వెంటబడ్డాను. మొహం కనపడతంది చూడు."

ఏసురాజు గిటార్ భుజానికి తగిలించుకున్నాడు. దీనమ్మ అప్పటికే చెప్పులు విడిచి తన చోట నిలబడింది. ఆమె కాలివేళ్ళు రాతి మీద ఒకసారి ముడుచుకుని విప్పుకున్నాయి. వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగు దెబ్బలు మీటాడు. దీనమ్మ ఎత్తుకోలేదు. స్పీకరు మీట చివరికంటా తిప్పి మళ్ళీ మీటాడు. కిటికీ అద్దాలు గిలగిలలాడాయి. హాలంతా ఒకటే హోరు. అందులో దెబ్బ ఎక్కడ మొదలైందో అతనికే తెలియలేదు. మడమతో రాతిని పొడిచాడు. మడమ నొప్పెట్టింది, అంతే.

వినీల ఇటూ అటూ చూసింది. రాజరత్నం గారు దీనమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఏంటి దీనమ్మా, ఎత్తుకోవేం? ఇంత మోతలో నీకొక్కదానికే వినపడలేదా?"

దీనమ్మ ఆయన పెదాలు ఆగేదాకా చూసింది. మైకు తీసి వినీల చేతిలో పెట్టింది.

"వినపడక నాలుగేళ్ళయిందండి. బయట పడేయించారే, ఆ చెక్కలు చెబితే పాడేదాన్ని."