గోడలో పెట్టిన పాప బూటు

పాప ఎడమకాలి బూటు కనబడకపోతే మొదట కుక్క ఎత్తుకుపోయిందనుకున్నాను. ఈ అరబ్బు దేశంలో, బహ్లా అనే ఊళ్లో మేముండేది ఒక పాత మట్టింటి పెరట్లోని రూమ్‌లో. ఆ ఇంటిని ఇంగ్లండు నుంచి వచ్చిన హిల్డా మేడం కిరాయికి తీసుకుని టూరిస్టుల కోసం బాగు చేయిస్తోంది. నా పెనిమిటి రఘుపతి అక్కడ మేస్త్రీ. వంట నాది.

మేడం మొదటినుంచీ మా పాప లాస్య కాళ్లవైపే చూసేది. బూటు బాగా అరిగిందా అని రఘుపతిని అడిగింది కూడా. కొత్తవి కొనిస్తుందేమోనని అతను సంబరపడ్డాడు. నాకు మాత్రం అది నచ్చలేదు. అరిగిన బూటుతో ఆమెకేం పని? మా ఊళ్లో పసిపిల్లల వెంట్రుకలు, విడిచిన బట్టలు పరాయివాళ్ల చేతికి పోనివ్వం. పైగా ఈ బహ్లా గురించి మత్రా బజారు దుకాణాల వాళ్లు జిన్నులనే దయ్యాల కథలు చెబుతుంటారు.

బూటు పోయాక పాపకు జ్వరం పట్టుకుంది. మందు వేస్తే తగ్గుతుంది, మళ్లీ ఒళ్లు కాలిపోతుంది. అన్నం పెడుతూ బూటు సంగతి ఎత్తితే రఘుపతి తల దించుకున్నాడు.

"ఏమయ్యా, నీకెరుకేనా?"

"మేడం అడిగితే ఇచ్చిన. పొయ్యి ఎనుక గోడల పెట్టి మట్టి మెత్తిన."

"బిడ్డ బూటును గోడల పాతిపెట్టినవా! నీకు మతి ఉన్నదా?"

"అగో, దాంతోటి ఏమైతదే? వాళ్ల దేశంల రివాజట."

పాపను చంకనేసుకుని మేడం దగ్గరికి పోయాను. నాకు ఇంగ్లీషు రాదు. వెనకాలే వచ్చిన రఘుపతి ఆమె మాటలు తెలుగులో చెప్పాడు. వాళ్ల దేశంలో పాత ఇళ్లు విప్పితే పొయ్యిగూళ్లలో, గోడల్లో పిల్లల బూట్లు దొరుకుతాయట. తొడిగి అరిగినదే పెట్టాలట, అదీ ఒక్కటే. ఇంట్లోకి చెడుది ఏదైనా వస్తే, బూటులో మనిషి ఉన్నట్టనుకుని అందులో దూరి అక్కడే చిక్కుకుపోతుందట.

"మనిషి అంటే ఏ మనిషి?" అన్నాను.

రఘుపతి ఆ మాట మేడంకు చెప్పకుండా పాప కాలివైపు చూశాడు.

"అడుగవయ్యా! ఆ వచ్చిన చెడుది బూటును నా బిడ్డే అనుకొని పట్టుకుంటది గదా?"

అడిగాడు. మేడం నవ్వి పాప తల నిమరబోయింది. నేను వెనక్కి జరిగాను.

"ఉత్త పాతకాలం ముచ్చటంటున్నది. ఇప్పుడెవ్వలూ నమ్మరట. జరం గాలి మారినందుకు వచ్చిందట."

"నమ్మకపోతే ఆమె కాలి చెప్పే పెట్టుమను. అదిగూడ అరిగిందే గదా."

"అట్లెట్ల అంటనే? కొలువు పోతది."

"అను."

నసుగుతూనే అన్నాడు. మేడం ముఖంలో నవ్వు అలాగే ఉంది. కాలు మాత్రం గౌను అంచు కిందికి లాక్కుంది. ఏదో పొడుగ్గా చెప్పింది. రఘుపతి ఈసారి దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు. ఆ దాచుకున్న కాలివైపే చూస్తున్నాడు.

మేడంను దాటుకుని వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కనున్న సుత్తె అందుకున్నాడు.

"పిల్లను దూరం పట్టుకో," అన్నాడు, "దుమ్ము లేస్తది."