మెల్లగా పీల్చమ్మా

మా అమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉద్యోగమూ అక్కడే. మా కాఫీపొడి కొట్టు వెనక గదిలో కాఫీ గింజలు వేయించే ఇనప డ్రమ్ము ఉంది. దాని పక్కన గడియారం పెట్టినా, వేడి కొలిచే మీటరు పెట్టినా అమ్మ వాటి మొహం చూడదు. పచ్చి వాసన పోయి, రొట్టె కాలుతున్న వాసన వచ్చి, అది కాస్తా తియ్యగా మారే క్షణంలో "దించు!" అని అరుస్తుంది. నేను డ్రమ్ము తలుపు లాగుతాను. ఆలస్యం చేశానా, గింజలతో పాటు నన్నూ వేయించేస్తుంది.

ఆ ముక్కుకి ఇంట్లోనూ తీరిక ఉండేది కాదు. నేను బయటి నుంచి రాగానే నా తల మీద ముక్కు ఆనించి, ఎక్కడెక్కడ తిరిగొచ్చానో పూసగుచ్చినట్టు చెప్పేది. అలాంటి ముక్కున్న ఇంట్లో ఉంటూ ప్రేమలో పడడం ఎంత కష్టమో నన్నడగండి.

ఒక సాయంత్రం స్నేహితురాలి గదికి రంగులు వేసి ఇంటికొచ్చాను. అమ్మ అలవాటుగా నా తల మీద ముక్కు ఆనించి, "వెళ్లి తిను, చల్లారిపోతోంది" అంది. అంతే.

"అమ్మా, నా తల ఏం వాసనొస్తోంది?"

"నీ వాసనే."

"పెయింటు డబ్బా వాసనమ్మా! మావయ్య గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు."

అమ్మ గింజల బస్తా మీద కూలబడింది. కొన్ని నెలలుగా తుమ్ములు, ముక్కు దిబ్బడ. ఆ తర్వాత వాసనలు ఒక్కొక్కటే పోయాయట. గింజల చిటపట విని, మనసులో ఏదో అంచనా వేసుకుని దించేస్తోందట. కాఫీ ఓసారి చేదు, ఓసారి పులుపు అని వచ్చినవాళ్లంతా గొణుగుతుంటే, కొట్టులో కూర్చునే మావయ్య "మీ ఇంటి నీళ్లు మారాయేమో చూసుకోండి" అని సర్దిచెబుతున్నాడు.

"పేరు పోకముందే డ్రమ్ము ఇచ్చేస్తానే. బేకరీ ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు" అంది అమ్మ. తాతయ్య చేతిలోంచి ఆమె చేతిలోకి వచ్చిన డ్రమ్ము అది. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

ముక్కు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. బస్తాల దుమ్ము, గింజల పొట్టు పడక అలర్జీ వచ్చిందనీ, లోపలి పొర వాచిపోయి వాసన పైదాకా వెళ్లడం లేదనీ చెప్పి, స్టెరాయిడ్ స్ప్రే రాసింది.

మావయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "స్టెరాయిడా! మా అక్కకి కండలొస్తాయా? మీసాలు మొలుస్తాయా?"

"కండల కోసం వాడేవి వేరండీ. ఇది వాపు తగ్గించే మందు. పిసరంతే, అదీ ముక్కు వరకే. తుమ్ములొచ్చినప్పుడే కాదు, రోజూ వాడాలి. కొన్ని వారాలు ఓపిక పట్టండి. దుమ్ములో పనిచేసేటప్పుడు మాస్కు పెట్టుకోండి."

అయినా మావయ్య రోజూ పొద్దున్నే అమ్మ పై పెదవిని అనుమానంగా చూసేవాడు.

నెల గడిచింది. గొంతులో చేదు తప్ప ఏమీ మిగల్లేదు. ఇక లాభం లేదని అమ్మ బేకరీ ఆయనకి ఫోన్ చేసి, నెలాఖరుకి రమ్మంది. నాకు ఒళ్లు మండి, ఆమెని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను.

"ఎలా వాడుతున్నారో ఓసారి చూపించండి" అంది డాక్టరమ్మ.

అమ్మ తల పైకెత్తి, సీసా మూతి ముక్కులో పెట్టి నొక్కి, ఒక్క పీల్పు పీల్చింది. బల్ల మీది కాగితం కదలడం నేను కళ్లారా చూశాను. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"మందుని ముక్కులో నిలవనిస్తేగా! అంతా గొంతులోకి లాగి మింగేస్తున్నారు."

నేను నోరెళ్లబెట్టాను. రోజూ నా ఎదురుగానే వాడింది, నాకు తప్పే కనపడలేదు. ఎలా కనపడుతుంది? పీలిస్తే పాదాల దాకా దిగాలని తాతయ్య అమ్మకి నేర్పాడు, అమ్మ నాకు నేర్పింది. మా ఇంట్లో ఎవరికిచ్చినా ఆ మందు అలాగే పీలుస్తారు.

"తల కొంచెం వంచండి. సీసా మూతి మధ్య గోడకి కాకుండా, పక్కకి, చెవి వైపు తిప్పండి. నొక్కి, మెల్లగా ఊపిరి తీసుకోండి" అని చూపించింది డాక్టరమ్మ.

"ఇదేం పీల్చడం? సిగ్గుపడుతున్నట్టుంది" అని సణిగింది అమ్మ.

ఆ రోజు నుంచి పొద్దున్నే నేను పక్కన నిలబడి కాపలా కాశాను. "మెల్లగా పీల్చమ్మా" అంటే, "నాకే నేర్పుతున్నావా" అని గుడ్లురిమేది. తుమ్ములు తగ్గాయి, దిబ్బడ వదిలింది. వాసన మాత్రం రాలేదు. నెలాఖరు వచ్చేసింది.

బేకరీ ఆయన మంచి చొక్కా తొడుక్కుని వచ్చాడు. డ్రమ్ము తిరగడం చూస్తానన్నాడు. అమ్మ మంట వెలిగించి గింజలు పోసింది.

ఉన్నట్టుండి అమ్మ ఆయన వైపు తిరిగింది. ఒక అడుగు దగ్గరికి వేసింది.

"ఈ చొక్కా ఏ పెట్టెలోంచి తీశారు?"

"ఏమండీ?"

"కలరా ఉండలు! కలరా ఉండల వాసన!" అని ఆయన చెయ్యి పట్టుకుని చొక్కా వాసన చూసింది. అమ్మ కళ్లమ్మట నీళ్లు. పాపం, ఆయన సిగ్గుతో సగమైపోయాడు.

అరుపు విని మావయ్య పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వక్కడే ఆగు! ఆ సాక్సులు ఉతికి ఎన్నాళ్లయిందిరా?"

"నెల దాటిందక్కా!" అన్నాడు మావయ్య, బహుమతి గెలిచినవాడిలా. తిట్టించుకుని అంత మురిసిపోయిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఈ గోలలో మేమందరం గింజల సంగతి మరిచిపోయాం, ఒక్కరు తప్ప.

"దించు!"

నేను తలుపు లాగాను. గింజలు జలజలా పళ్లెంలోకి రాలాయి. అమ్మ గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మెల్లగా పీల్చమ్మా" అన్నాను, నోటి అలవాటుగా.

"మెల్లగా మందుకే. దీనికి కాదు" అని పాదాల దాకా పీల్చింది.

"అయితే డ్రమ్ము..." అన్నాడు బేకరీ ఆయన.

"డ్రమ్ము ఇవ్వను. కాఫీ ఇస్తాను, కూర్చోండి."

ఆయన పళ్లెం మీదికి వంగి వాసన చూశాడు. "డ్రమ్ము ఇవ్వకండి" అని తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అప్పుడు అమ్మ నా దగ్గరికి వచ్చి, తల మీద ముక్కు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"నిన్న సాయంత్రం ప్యాకింగు కవర్లకని వెళ్లావు కదూ?"

"అవును."

"కవర్ల కొట్టుకి వెళ్తే తలకి మగవాళ్ల షేవింగు లోషను వాసన ఎందుకు పడుతుందే? ఎవరతను?"

మావయ్యకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నా మొహం ఎర్రబడిపోయింది. కానీ పట్టుబడినందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. ఏడుస్తూనే నవ్వుతూ, తల ఇంకాస్త ముందుకి వంచాను.

"ఇంకోసారి చూడమ్మా" అన్నాను.