కంపెనీ జిగురు

మా రంగూన్‌లోకి కొత్త బండి రావడం మానేసిన కాలంలో నేను మెకానిక్ పని నేర్చుకున్నాను. అందుకని నా షెడ్డులోంచి బయటికెళ్ళిన ఏ బండినీ కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. విల్లీస్ జీపుకి మాజ్దా ఇంజను, దానికి హీనో లారీ బ్రేకులు, నూనె డ్రమ్ము రేకుతో తలుపులు. నడిచిందా, నడిచింది. కోటిబాబు ముట్టుకుంటే శవం కూడా గేరు మారుస్తుందని మా పేట పజుండౌంగ్‌లో నాకు పేరు.

అలాంటి నాకు ఎదురింట్లోనే దేవుడు ఒక శిక్ష పెట్టాడు. నేను చెయ్యి పెట్టకూడని బండి. మంగరాజు మావ మస్టాంగ్.

అరవై ఏడు మోడలు, నీలం రంగు, ఎనిమిది సిలిండర్లు, కండలు తిరిగిన అమెరికా బండి. మావ ఒక విదేశీ దొర దగ్గర గుమాస్తాగా చేసేవాడు. దొరకి వారంలో దేశం వదిలి పొమ్మని తాఖీదొచ్చింది. ఆయన తాళాలు మావ చేతిలో పెట్టి విమానం ఎక్కేశాడు. ఆ తర్వాత మావకి నది అవతల తన్లిన్ చమురు కర్మాగారంలో స్టోర్సు ఉద్యోగం దొరికింది. సోమవారం తెల్లారి పడవెక్కితే శనివారం సాయంత్రం దిగేవాడు. ఆదివారం మాత్రం బండిది.

ఆదివారం పొద్దున్న మావ ముసుగు తీసి, వచ్చినవాళ్ళకి బండి చూపించేవాడు. నేను వందసార్లు చూశాను, వందసార్లూ నోరెళ్ళబెట్టాను. బానెట్ ఎత్తితే ఇంజను వెనక రేకు మీద కంపెనీ పనివాడు సుద్దముక్కతో గీసిన గీత, అలాగే ఉంది. ఎడమ తలుపు లోపలి అంచున రంగు ఒక్క బొట్టు కారి, కారినచోటే ఎండిపోయింది. డిక్కీలో స్టెప్నీ టైరు నేల ముట్టలేదు, దాని రబ్బరు మీద చిన్న చిన్న మీసాలు ఇంకా ఉన్నాయి. వెనక సీటుకి కంపెనీ వేసిన ప్లాస్టిక్ తొడుగు ఊడలేదు. దసరాకి మావ బొట్టు కూడా కాయితం మీద పెట్టి, ఆ కాయితాన్ని అద్దానికి ఆనించేవాడు, పసుపు అంటుతుందని.

"రంగు కొత్తది ఎవడైనా ఏస్తాడు బావూ. ఈ కారిన బొట్టుని మళ్ళీ ఎవడు కారుస్తాడు?" అనేవాడు.

అన్నిటికన్నా ఆయనకి ముద్దు వెనక సీటు ముందు కార్పెట్టు మీద అరచెయ్యంత గోధుమరంగు మచ్చ. అది డెబ్భై రెండులో గానీ ఆయన కళ్ళబడలేదు. "కంపెనీ జిగురు. ఎవడో పనోడు తొందర్లో ఒలకబోసినాడు. సూడండి, మనిషి సెయ్యి తెలుస్తన్నాది," అని అందరినీ వంగి చూడమనేవాడు. చివరికి మీటరు చూపించేవాడు. 2,914 మైళ్ళు, పైన ఆరు పదోవంతులు. ఆ అంకె కదిలి ఏళ్ళయింది.

అది ఎందుకు కదల్లేదో నాకు తెలుసు. కదలకుండా చేసింది నేనే.

డెబ్భైలో ప్రభుత్వం ఒక్క రోజులో రోడ్డు మార్చేసింది. నిన్నటిదాకా ఎడమపక్క నడిపిన దేశం పొద్దున్నే కుడిపక్కకి వచ్చింది. మావ ఎడమపక్క నేర్చినవాడు. బండి తీసిన మొదటిరోజే బస్సుకి ఎదురెళ్ళి, బస్సు డ్రైవరు చేత ఇంటిపేరుతో సహా తిట్లు తిని, మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఆయన భార్య సూరమ్మత్తకి మాత్రం మర్చిపోవడానికి పాత అలవాటేమీ లేదు. మావ పడవెక్కిన ఒక సోమవారం నా షెడ్డుకొచ్చి, "కోటీ, నేర్పుతావా నేదా?" అంది. అత్త అడిగితే అది ప్రశ్న కాదు.

అప్పట్నుంచి సోమవారం నేను మీటరు వెనక్కి చెయ్యి పెట్టి కేబులు ఊడదీసేవాణ్ణి, శనివారం తగిలించేవాణ్ణి. బండికి రేషన్లో వచ్చే కోటా పెట్రోలు అందరిలాగే అత్త కూడా అమ్మేస్తోందని మావ అనుకున్నాడు. అత్త దాంతో వీధిని మోసింది. జ్వరాలు, కాన్పులు, విరిగిన కాళ్ళు, పరీక్షకి ఆలస్యమైన పిల్లలు. మావకి తప్ప అందరికీ తెలుసు. టీకొట్లో పక్క కుర్చీలో ఎవడున్నాడో చూసుకుని నోరు విప్పే రోజులవి. అలాంటి ఊళ్ళో ఒక వీధి వీధంతా పదిహేడేళ్ళు ఒక్క ముక్క పొక్కనివ్వలేదు. ఇప్పటికీ నాకది గర్వమే.

ఎనభై ఎనిమిది ఆగస్టులో, సైనిక ప్రభుత్వం దిగిపోవాలని దేశమంతా సమ్మె మొదలైంది సోమవారం. మావ తెల్లారి వెళ్ళాడు, నేను కేబులు ఊడదీశాను, మధ్యాహ్నానికి మావ తిరిగొచ్చేశాడు. పడవ లేదు, పని లేదు. ఇంక కదల్లేదు. పగలూ రాత్రీ బండి పక్కనే కుర్చీ, కేబులు తగిలించే సందు నాకు దొరకలేదు. ఊరు అట్టుడికిపోతుంటే, తుపాకులు పేలుతుంటే, నాకు నా భయం ఒకటి అదనం. ఆయన "మీటరు" అంటే చాలు, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

నెలాఖరుకి ఆఫీసులన్నీ మూతబడ్డాయి. దొంగలు తిరుగుతున్నారని ప్రతి వీధీ వెదురుతో కంచె కట్టుకుంది. మా వీధికి కమిటీ వేశారు. ఇద్దరు భిక్షువులు, ఒక రిటైరైన మేష్టారు, వాళ్ళందర్నీ నడిపించే ఫ్యూ ఫ్యూ. ఫ్యూ ఫ్యూ అంటే మా పక్కింటి మ్యా మ్యా కూతురు. పదిహేడేళ్ళు, కాలేజీలో మొదటేడు, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. బియ్యం బండి వచ్చిన ప్రతిసారీ కంచె విప్పి కట్టలేక, ఆ పిల్ల ఒకరోజు మావ ముందు నిలబడి, బర్మావాళ్ళు పెద్దల పేరుకి ముందు చేర్చే 'ఊ'తో మర్యాదగా పిలిచింది.

"ఊ మంగరాజూ, మీ కారు వీధికి గేటుగా కావాలి. ఎవరైనా వస్తే వెనక్కి తోస్తాం, వెళ్ళాక ముందుకి తోస్తాం."

మావ కొడతాడనుకున్నాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఊరంతా మేలుకుంటే నా బండి ముసుగుతన్ని పడుకోవాలేటి? తీసుకెల్లండి. ఒకటే మాట. కోటి నడుపుతాడు, నాను పక్కన కూకుంటాను. మీటర్లో సివరి అంకె ఆరు సగం తిరిగున్నాది. వీధి సివరికి ఎల్లేసరికి ఏడు పడాల. నాను సూడాల."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వీధంతా చప్పట్లు కొడుతుంటే బండి స్టార్టు చేశాను. ఆ ఇంజను గొంతుకి కిటికీలు వణికాయి. మావ కళ్ళు మీటరు మీద. నూటయాభై గజాలు వెళ్ళాం. ఆరు ఆరుగానే ఉంది.

"కోటీ, ఏడు పడనేదు."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బయట జనం వెదుళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. అప్పుడు సూరమ్మత్త చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర వంగింది.

"మీటరు తప్పు నేదు. తీగ ఊడదీసున్నాది. బండి నాను నడుపుతన్నాను."

"ఎప్పట్నుంచి?"

"డెబ్భై ఒకటి నుంచి."

మావ ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరూ తల ఎత్తలేదు. "అయితే నాను సూపించిందంతా అబద్దమే," అన్నాడు. అరవలేదు. అరిచుంటే బాగుండేది. దిగి, ముందు సీటు మడిచి, వెనక ఆ ప్లాస్టిక్ సీటు మీద కూర్చుని తలుపు వేసుకున్నాడు. అత్త పిలిస్తే పలకలేదు, నేను టీ పట్టుకెళ్తే చూడలేదు. ఆయన గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే జీవితంలో, దాన్ని నేను వారం వారం విప్పేశాను. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఫ్యూ ఫ్యూ రెండో తలుపు తీసి, వెనక్కి దూరి ఆయన పక్కన కూర్చుంది. చెప్పానుగా, ఆ పిల్ల గొంతు వీధంతా వినిపిస్తుంది.

"ఊ మంగరాజూ, ఆ మచ్చ జిగురు కాదు. నేను."

"ఏటి?"

"అమ్మ ఆసుపత్రి దాకా ఆగలేకపోయింది. సగం దారిలో, ఈ కార్లోనే నేను వచ్చేశాను. మీరు నన్ను ప్రతి ఆదివారం అందరికీ చూపిస్తున్నారు. మేము ఇంట్లో నవ్వుకుంటాం."

మావ మచ్చని చూశాడు, పిల్లని చూశాడు, మళ్ళీ మచ్చని చూశాడు. వంగి దాన్ని వేలితో ముట్టుకున్నాడు. "మరి ఒరిజినలే కదా," అన్నాడు.

తర్వాత దిగి అత్త దగ్గరికెళ్ళి, "ఒలే, ఎలా నేర్సుకున్నావు?" అని అడిగాడు.

"ఆదివారం ఆదివారం నువ్వు అందరికీ సెప్తుంటే వంటింట్లోంచి ఇన్నాను. మిగిలింది కోటి."

మూడు వారాలు ఆ బండి మా వీధికి గేటు. పై వీధులవాళ్ళు బియ్యం కోసం వచ్చి, మావ సుద్దగీత చూపించేదాకా కదిలేవారు కాదు. సెప్టెంబరు పద్దెనిమిదిన సైన్యం వచ్చింది. కంచెలు పీకించారు, కమిటీల్లో ఉన్నవాళ్ళ పేర్లు రాసుకెళ్ళారు. ఫ్యూ ఫ్యూ ఊరు దాటాలి. పెగూ రోడ్డు మీద ఒక లారీ మర్నాడు మధ్యాహ్నం ఆగుతుంది, సరిహద్దు వైపు వెళ్ళేవాళ్ళని ఎక్కించుకుంటుంది. అక్కడిదాకా ఎలా?

మావే అన్నాడు. "దాక్కుంటే దొరికిపోతాం. అందరూ సూసే బండిలో ఎల్దాం."

ఫ్యూ ఫ్యూకి అత్త తన పట్టుచీర కట్టి, తలలో పూలు పెట్టి, పెళ్ళికి వెళ్తున్నట్టు ముస్తాబు చేసింది. మ్యా మ్యా కూతుర్ని వదల్లేక వదిలింది. అత్త స్టీరింగు దగ్గర, మావ పక్కన, నేనూ పిల్లా వెనక. తాళం తిప్పబోతుంటే మావ ఆపాడు.

"కోటీ, కేబులు తగిలించు. ఈ మైల్లు రాయాల."

ఊరి చివర సైనికులు ఆపారు. దగ్గరికొచ్చినవాడు చిన్నవాడు, పల్లెటూరి వాడు, అలాంటి బండి పుట్టి చూసి ఉండడు. తుపాకీ పక్కకి జరిపి బానెట్ మీద చెయ్యి వేశాడు. మావ చటుక్కున దిగాడు. ఇక చూడాలి. బానెట్ ఎత్తి సుద్దగీత చూపించాడు. కారిన బొట్టు చూపించాడు. డిక్కీ తనే తెరిచి స్టెప్నీ మీసాలు తడిమించాడు. ఆ సైనికుడు ఇంకో ఇద్దర్ని పిలిచాడు. బర్మా భాషలో మా మావ అంత తియ్యగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. చివరికి వాళ్ళే పక్క తలుపు తీసి ముందు సీటు మడిచారు.

"అమ్మాయ్, కాళ్ళు ఎత్తు," అన్నాడు మావ. ఫ్యూ ఫ్యూ పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని కాళ్ళు ఎత్తింది. ముగ్గురు సైనికులూ వంగి మచ్చని చూశారు.

"కంపెనీ జిగురు," అన్నాడు మావ. "ఇరవై ఏళ్ళుగా ఎవర్నీ తుడవనివ్వలేదు."

వాళ్ళు అవునవునని తలూపి, తలుపు జాగ్రత్తగా వేసి, పొమ్మన్నారు. పిల్ల మొహం ఒక్కడూ చూడలేదు.

లారీ చెప్పిన చోటే ఉంది. ఫ్యూ ఫ్యూ చీర విప్పి, లోపల కట్టుకున్న బర్మా లుంగీతో దిగింది, చీర మడతపెట్టి అత్త ఒళ్ళో పెట్టింది, మావ పాదాలకి దణ్ణం పెట్టింది. ఆమె ఎక్కగానే లారీ కదిలింది. పదకొండు మైళ్ళు తిరిగి మీటరు 2,925 చూపిస్తోంది. అత్త చాలాసేపు బండి తిప్పలేకపోయింది.

"కోటీ, కేబులు తీసెయ్," అన్నాడు మావ.

"ఎందుకు మావా?"

"తిరుగు మైల్లు పిల్ల వచ్చినప్పుడు రాద్దాం."

ఇది జరిగి ఆరేళ్ళయింది. సరిహద్దు నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి, తర్వాత రాలేదు. ఇప్పుడు తన్లిన్‌కి వంతెన పడింది, మావ రిటైరయ్యాడు, దేశంలోకి కొత్త బండ్లు వస్తున్నాయి. పోయిన ఆదివారం ఒక విదేశీ ఆయన మస్టాంగ్ చూడ్డానికొచ్చాడు. గంటసేపు చూశాడు, ఇంత ఒరిజినల్ బండి తన జన్మలో చూడలేదన్నాడు. మీటరు వెనక వేలాడుతున్న కేబులు చూసి, ఇదొక్కటి తగిలిస్తే అంతా సరిపోతుంది కదా అని అడిగాడు.

మ్యా మ్యా అప్పుడు వెనక సీట్లో కూర్చునుంది. ప్రతి ఆదివారం వచ్చి కాసేపు అక్కడే కూర్చుంటుంది. మావ ఆమెకేసి చూసి, ఆయనతో అన్నాడు.

"ఇప్పుడు కాదు. దానికింకా పదకొండు మైళ్ళ పనుంది."