నూట ఇరవై ఎడమ చేతులు

“నువ్వు మడతపెడితే స్కేలు పెట్టి గీసినట్టుంటుందమ్మా” అంది అత్తగారు, ఆరిన దుప్పట్ల కుప్పని నా వైపు జరుపుతూ. అప్పటికి ఏడున్నర. ఎనిమిదిన్నరకి నేను పనిలో ఉండాలి. పొగిడి పని చెప్పడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. పెళ్లైన కొత్తలో మా ఆయన ఒకసారి దుప్పటి మడిచారు. అంచులు కలవలేదని నేను విప్పి మళ్లీ మడిచాను. ఎలాగూ మళ్లీ చేస్తావు కదా, ఇద్దరం ఎందుకు అన్నారు. ఆ ఒక్క మాటతో పదహారేళ్లుగా హాయిగా ఉన్నారు. తప్పంతా ఆయనదే అనను. నా పని బాగుందంటే ఇంకో నాలుగు పనులు నెత్తినేసుకునేదాన్ని. వంక పెట్టే మాట వినకుండా పొద్దు గడిస్తే గెలిచినట్టే.

మాది నర్సులకు యూనిఫాంలు కుట్టే షెడ్డు. పదకొండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. ఆ బల్ల దగ్గర ఎప్పుడూ మగవాళ్లే ఉండేవారు. పాత మాస్టర్ మానేశాక యజమాని నన్ను మిషన్ మీంచి లేపి అక్కడ నిలబెట్టాడు. ఏడాది చూస్తానన్నాడు, తేడా వస్తే మళ్లీ మిషనే అన్నాడు. పది నెలలైంది. తేడా రాలేదు. షెడ్డులో నా పేరు స్కేలమ్మ.

ఆ రోజు బల్ల మీద చొక్కా చేతుల కట్ట విప్పి, పైనున్న రెండు ముక్కలు పక్కపక్కన పెట్టాను. రెండూ ఎడమవే. కింద రెండు తీశాను. అవీ ఎడమవే. అరవై చొక్కాలకు నూట ఇరవై ముక్కలు, అన్నీ ఎడమ చేతివే.

ఎలా జరిగిందో వెంటనే తెలిసింది. బట్ట పరవడానికి ఇద్దరు కావాలి. ఒకరు అటు చివర పట్టుకుంటే, అటూ ఇటూ మడుస్తూ పరుస్తాం. ఒక పొరలో బట్ట మెరుపు వైపు పైకి ఉంటే తర్వాతి పొరలో కిందికి ఉంటుంది. ఒక్క కోతలో కుడీ ఎడమా రెండూ వస్తాయి. నేను ఎవరినీ రానివ్వను, వాళ్లు పరిస్తే ముడతలొస్తాయని. ఒక్కదాన్నే పరిచి, ప్రతి రెండో పొరనీ తిరగేస్తాను. నిన్న మధ్యలో మూడుసార్లు ఇంటినుంచి ఫోను. మందుల డబ్బా ఏదని అత్తగారు, నీలం చొక్కా ఏదని ఆయన, దొరికిన చొక్కాకి ఇస్త్రీ లేదని మళ్లీ ఆయన. తిరగేయడం మర్చిపోయి అన్ని పొరలూ మెరుపు పైకే పరిచాను. ముడత మాత్రం ఒక్కటీ లేదు.

రేపు మధ్యాహ్నానికి సరుకు వెళ్లాలి. అరవై ముక్కలు తిరగేసి కుట్టిస్తే ఆకారం కుడి చేతికి సరిపోతుంది. మసక వైపు పైకొస్తుంది కానీ, ఈ ట్యూబులైట్ల కింద ఎవరికీ తెలియదు. మొదటి ఉతుకులో తెలుస్తుంది. అప్పటికి నా ఏడాది పూర్తవుతుందా? అందరూ తినడానికి లేచాక, తలుపుకి వీపు పెట్టి ముక్కలు తిరగేయడం మొదలుపెట్టాను. నీ బుద్ధి గడ్డి తిందా, ఆడదానికి బల్ల ఇస్తే ఇంతేనని అందరూ అనుకోరా, నీ మొహానికి మాస్టర్ గిరీ కూడానా? ఈ మాటలు ఎవరూ అనలేదు. నేనే అనుకుంటున్నాను, ఆగకుండా.

“తినడానికి రావేంటే?”

కాలర్లు కుట్టే అక్క. నాకంటే పదేళ్లు పెద్దది. నా భుజం మీంచి ఒక్కసారి చూసింది. పని తెలిసిన కళ్లకి చెప్పక్కర్లేదు.

“అన్నీ ఎడమేనా?”

“నా చేతులు విరిచెయ్యాలక్కా.”

“పోయిన వానల్లో నేను నలభై కాలర్లు తలకిందులు కుట్టాను. నా చేతులు విరిచెయ్యాలన్నావా?”

అనలేదు. నీ కళ్లు అలిసిపోయాయి అక్కా, కాసేపు కూర్చో అన్నాను. పక్కన కూర్చుని ఇరవై కాలర్ల కుట్లు నేనే విప్పాను.

“నీ సంగతి వేరక్కా.”

“ఏం, నేను మనిషిని, నువ్వు స్కేలువా?” అని తన డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఓదార్చలేదు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. బల్ల దగ్గర నేను కూర్చోవడం అదే మొదలు. అక్కతో అన్న మాట నాతో అనుకోవాలని చూశాను. సిగ్గేసింది, పరాయివాళ్ల చీర కట్టుకున్నట్టు. అయినా అనుకున్నాను. అలిసిపోయావు, కాసేపు కూర్చో. తిరగేసిన ముక్కలన్నీ మళ్లీ సరిగ్గా పెట్టి, పైది ఒకటి తీసుకుని యజమాని గదికి వెళ్లాను.

చెప్పాను. ముక్క అందుకుని తిప్పి చూశాడు.

“నీ చేతిలో తప్పు రాదనే కదా నీకు బల్ల ఇచ్చింది?”

“కాదు సార్. నాకు కత్తిరించడం వచ్చు, అందుకిచ్చారు.”

బట్టల కొట్టుకి ఫోన్ చేసి, సాయంత్రంలోగా ఇంకో తాను బట్ట పంపమన్నాడు. ఫోన్ పెట్టేశాక, తలెత్తకుండానే అడిగాడు, మళ్లీ ఇలా జరగదు కదా అని.

జరగదు సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నేను పుట్టినప్పటినుంచీ అందరికీ రాసిస్తున్న హామీ.

“జరగొచ్చు సార్” అన్నాను. “జరిగితే మళ్లీ నేనే వచ్చి చెప్తాను.”